ఇంట గెలవాలా, రచ్చ గెలవాలా

ఆ బకెట్ మీద నిలబడకండి వదినా, నిన్నటి వానకి నేలంతా జారుడుగా ఉంది. ఇటు నిమ్మచెట్టు వైపు రండి. ఇక్కడ ఫెన్సు చెక్క ఒకటి ఊడింది కదా, మొహాలు కనిపిస్తాయి. కాయలు కావలిస్తే కోసుకోండి, ఆగస్టులో ఈ చెట్టు ఆగమన్నా ఆగదు. పులిహోరకి ఎన్ని పిండినా ఇంకా మిగిలిపోతున్నాయి.

ఇంతకీ రాత్రి మీ ఇంట్లో ఏమిటా గొడవ? నేనేమీ చెవొగ్గి వినలేదు సుమండీ, అన్నయ్యగారి గొంతే మా వంటింటిదాకా వచ్చింది. ఓహో, అదా! అమ్మాయి సోమవారం సోషల్ వర్క్ అంటుంది, గురువారం ఇంటర్నేషనల్ స్టడీస్ అంటుంది, నాన్నగారేమో రెండూ అన్నం పెట్టే చదువులు కావు, కంప్యూటర్ సైన్స్‌లో చేరు అంటారు. అంతేనా? దానికి మీరు నిద్ర మానుకుని కళ్ళకింద ఆ నలుపు తెచ్చుకోవడం దేనికి? ఆ రెండు చదువులూ మా ఇంట్లో చూసినవే. మావాడు అలాంటిదే, గ్లోబల్ స్టడీస్ చేశాడు, మా ఆడపడుచు కూతురు సోషల్ వర్క్ చదివి ఇప్పుడు ఆస్పత్రిలో పనిచేస్తోంది. నాకు తెలిసింది చెప్తాను, అన్నయ్యగారికి ఎలా చేరవేస్తారో మీ ఇష్టం.

ముందు స్కూలు సంగతి. మన దగ్గర ఎంసెట్ ర్యాంకు వస్తే చాలు, ఆ ర్యాంకే మనల్ని చెయ్యి పట్టుకుని ఏదో ఒక కాలేజీలో కూర్చోబెట్టేది. ఇక్కడ న్యూజిలాండ్‌లో అలా కాదు. పిల్ల ఇయర్ థర్టీన్‌లో ఎన్‌సీఈఏ లెవెల్ త్రీ పూర్తి చెయ్యాలి. అది చాలదు, యూనివర్సిటీ ఎంట్రన్స్ అని ఇంకోటి ఉంది. అప్రూవ్డ్ సబ్జెక్టుల జాబితాలోంచి మూడు తీసుకుని, ఒక్కోదాంట్లో లెవెల్ త్రీలో 14 క్రెడిట్లు చొప్పున సంపాదించాలి. చదవడం రాయడంలో విడిగా క్రెడిట్లు, లెక్కల్లో విడిగా క్రెడిట్లు. మీ అమ్మాయికి మొత్తం క్రెడిట్లు బోలెడున్నాయని మురిసిపోకండి. ఒక సబ్జెక్టులో 12 దగ్గర ఆగిపోతే మిగతావి ఎన్నున్నా అక్కరకు రావు. నవంబరు పరీక్షలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఏ సబ్జెక్టులో ఎన్ని తక్కువో ఇప్పుడే స్కూల్లో డీన్‌ని అడిగి కాగితం మీద రాసుకోమనండి. సోషల్ వర్క్ అయినా, దేశాల సంగతులైనా, రెండూ వ్యాసాలు రాసే చదువులే. ఇంగ్లీషు, హిస్టరీ, జాగ్రఫీ ఉన్నాయన్నారుగా, వాటిని మాత్రం వదలనివ్వకండి.

ఇక సోషల్ వర్క్. అన్నయ్యగారు దాన్ని సేవ అనుకుంటున్నారు. ఆదివారం గుడి దగ్గర అన్నదానంలో వడ్డించడం లాంటిదని ఆయన లెక్క. కాదని చెప్పండి. ఈ దేశంలో అది చట్టం కాపలా కాసే వృత్తి. 2003లో సోషల్ వర్కర్ల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. అప్పట్లో ఇష్టమున్నవాళ్ళు నమోదు చేసుకునేవాళ్ళు. 2021 ఫిబ్రవరి 27 నుంచి అది తప్పనిసరి అయింది. సోషల్ వర్కర్ల రిజిస్ట్రేషన్ బోర్డులో నమోదు కానివాళ్ళు నేను సోషల్ వర్కర్‌నని చెప్పుకోవడానికే వీల్లేదు. డాక్టరుకీ నర్సుకీ ఉన్నట్టే ఏటేటా ప్రాక్టీసింగ్ సర్టిఫికెట్ తీసుకోవాలి, తప్పు చేస్తే ట్రిబ్యునల్ ముందు నిలబడాలి. నేను చేసేది చాలా పెద్ద పని అని ఎవరైనా చెప్పుకోవచ్చు వదినా, పేరు వాడుకున్నందుకే చట్టం అడ్డొచ్చే పనులు ఎన్నుంటాయి చెప్పండి!

అందుకే కోర్సు పేరు చూసి మోసపోకూడదు. సోషల్ సర్వీసెస్ అనీ, కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అనీ, యూత్ వర్క్ అనీ, సోషియాలజీ అనీ చాలా ఉన్నాయి. అన్నీ మంచివే, అన్నింటికీ పనులున్నాయి. కానీ సోషల్ వర్కర్‌గా నమోదు కావాలంటే బోర్డు గుర్తించిన డిగ్రీ అయి తీరాలి. ఆ జాబితా బోర్డు వెబ్‌సైట్లోనే ఉంటుంది, చేరకముందే చూసుకోవాలి. ఆక్లండ్ యూనివర్సిటీలో నాలుగేళ్ళ సోషల్ వర్క్ ఆనర్స్ ఉంది. మాస్సీలోనూ నాలుగేళ్ళదే, అది దూరవిద్యలోనూ చదవచ్చు. మనుకావు ఇన్‌స్టిట్యూట్ కూడా మన పక్కన ఓటారాలోనే ఉంది, బస్సు దూరమే. మాస్సీ ఈ చదువు మొదలుపెట్టింది 1976లో. అంతకుముందు 1950లోనే వెల్లింగ్టన్‌లో విక్టోరియా యూనివర్సిటీ సోషల్ వర్కర్లకి శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. అన్నయ్యగారు ఇది నిన్న మొన్న పుట్టిన చదువనుకుంటున్నట్టున్నారు. బొంబాయిలో టాటా వాళ్ళ సోషల్ వర్క్ స్కూలు పెట్టింది 1936లో. మనం మొహం చూసిన కంప్యూటర్ కోర్సులన్నిటికంటే ముందు.

ఈ చదువులో బరువైన భాగం క్లాసుల్లో ఉండదు, ప్లేస్‌మెంట్‌లో ఉంటుంది. ఆ మాట వినగానే అన్నయ్యగారు ఆఫర్ లెటర్ అనుకుని సంబరపడిపోతారేమో, ముందే చెప్పండి. డిగ్రీ పూర్తయ్యేలోగా కనీసం 120 రోజులు ఏదో ఒక సంస్థలో పనిచేసి చూపించాలి, అదీ మామూలుగా జీతం లేకుండా. ఆ నెలల్లో సూపర్‌మార్కెట్‌లోనో, బోటనీ టౌన్ సెంటర్ దుకాణంలోనో పార్ట్‌టైం చేసుకుందామంటే ఒళ్ళు సహకరించదు. మా ఆడపడుచు కూతురు ఆ రోజుల్లో ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే సోఫాలో నిద్రపోయేది. పోలీసు వెట్టింగ్ ఉంటుంది, చేర్చుకునేముందు ఇంటర్వ్యూ చేసి నీకెందుకీ చదువు అని అడుగుతారు. ఇళ్ళకి వెళ్ళాలి కాబట్టి చాలాచోట్ల కారు నడపడం వచ్చా అంటారు. మీ అమ్మాయి ఇంకా రిస్ట్రిక్టెడ్ లైసెన్స్ మీదే ఉందిగా? ఏ కోర్సులో చేరినా సరే, ఆ ఫుల్ లైసెన్స్ మాత్రం ఈ వేసవిలో తెప్పించెయ్యండి.

ఇంకో సంగతి. మన పిల్లలు ఈ చదువులోకి వెళ్ళాక ముందుగా ఆశ్చర్యపోయేది మావోరి సంగతులు చూసి. 1840 నాటి వైటాంగి ఒప్పందం స్కూల్లో చదివిందేలే అనుకుని వెళ్తారు. అక్కడ అది పరీక్ష ప్రశ్నగా కాదు, రేపు ఒక ఇంటి తలుపు తట్టేటప్పుడు నువ్వేం చేస్తావు అనే ప్రశ్నగా ఎదురవుతుంది. 1988లో పువావో-తె-అటా-టూ అని ఒక నివేదిక వచ్చింది, జాన్ రంగిహావు అనే మావోరి పెద్దాయన కమిటీది. మావోరి పిల్లల విషయంలో ప్రభుత్వ సంక్షేమ శాఖే జాతి వివక్షతో నడుస్తోందని అందులో మొహమాటం లేకుండా రాశారు. ఆ మరుసటేడు, 1989లో, పిల్లల చట్టం మారింది. ఇంట్లో బిడ్డకి భద్రత లేదంటే అధికారి ఒక్కడే కూర్చుని తీర్పు చెప్పకుండా, తాతలూ మేనత్తలూ బాబాయిలూ అందరినీ పిలిచి, బిడ్డ సంగతి ఏం చేద్దామో మీరే మాట్లాడుకోండని గదిలో వాళ్ళని వదిలేసి అధికారులు బయటికి వచ్చేస్తారు. ఫ్యామిలీ గ్రూప్ కాన్ఫరెన్స్ అంటారు. ఈ పద్ధతి ఇక్కడ పుట్టి తర్వాత చాలా దేశాలకి పాకింది. మేనమామ మాటకి విలువేమిటో ఎరిగిన ఇంట్లో పెరిగిన పిల్లకి ఈ పాఠం తొందరగా ఎక్కుతుంది వదినా. అదే పిల్లకి, పెద్దవాళ్ళ ఎదుట నోరు మూసుకోవడం అలవాటై ఉంటే మాత్రం కష్టం. ఒక్కోసారి ఆ గదిలో పెద్దల మాట కాదని బిడ్డ పక్షాన నిలబడాలి.

అన్నిటికంటే పెద్ద కష్టం నాకు వచ్చిపడింది, వినండి. నాకు నోట్లో నువ్వుగింజ నానదని మీకు తెలుసు. మా ఆడపడుచు కూతురు ఆస్పత్రిలో చేరాక ఎన్ని కబుర్లు తెస్తుందో అని ఎదురుచూశాను. పెసరట్టు ఉప్మా చేసి పెట్టాను, అల్లం చట్నీ వేశాను, మెల్లిగా కదిపాను. "అట్టు బాగుంది అత్తా" అంది. అంతే! ఎవరు చేరారు, ఎవరింట్లో ఏమైంది, ఒక్క ముక్క రాలలేదు. వాళ్ళకది నియమం. ఆక్లండ్‌లో మన తెలుగువాళ్ళం ఎంతమందిమి? ఉగాది ఫంక్షన్‌లో పులిహోర లైన్లో ముందున్నావిడే తన కేసు కావచ్చు. అలాంటప్పుడు ఆవిడ పలకరిస్తేనే ఇది పలకరిస్తుంది, లేకపోతే ఎవరో తెలియనట్టు ప్లేటు పట్టుకుని పక్కకి తప్పుకుంటుంది. బాగా తెలిసినవాళ్ళ కేసు వస్తే ముందే పైవాళ్ళకి చెప్పేస్తుంది. మీ అమ్మాయి దీంట్లో చేరితే మీరు కూడా ఏమీ అడగకూడదు. చూసుకోండి మరి, తట్టుకోగలరా?

మా ఆడపడుచు కూతురు ఒక్క సంగతి మాత్రం చెప్పింది, ఎవరి పేరూ లేకుండా. అమ్మమ్మలని ఆస్పత్రికి తీసుకొచ్చినప్పుడు మనం ఏం చేస్తాం, పదేళ్ళ మనవణ్ణి పక్కన నిలబెట్టి డాక్టరు మాట తెలుగులో చెప్పమంటాం. అలా చెయ్యొద్దంది. వాడికి సగం అర్థం కాదు, అర్థమైన సగం చెప్పడానికి భయం. 1996 నుంచి ఇక్కడ రోగుల హక్కుల నియమావళి ఉంది, అవసరమైతే దుబాసీని ఏర్పాటు చెయ్యడం కూడా అందులో హక్కే. అడిగితే ఏర్పాటు చేస్తారు. మనకి అడగడం తెలీదు, వాళ్ళకి మన మొహమాటం తెలీదు. ఆ మధ్యలో నిలబడేదే దాని ఉద్యోగం. శక్తి అని ఇక్కడ ఒక సంస్థ ఉంది, 1995లో పెట్టారు. మన ఆసియా ఆడవాళ్ళకీ, ఆఫ్రికా, మిడిల్ ఈస్ట్ ఆడవాళ్ళకీ ఇంట్లో హింస ఉంటే ఆశ్రయమిస్తుంది. అలాంటిచోట తెలుగు వచ్చిన మనిషి, హిందీ వచ్చిన మనిషి ఉండటమంటే మాటలా? భర్త వీసా మీద వచ్చిన కోడలికి తన మాటలో వినేవాళ్ళు దొరకడం ఎంత ధైర్యమో మీరే ఆలోచించండి.

జీతమా? అదే అడుగుతారని తెలుసు. ప్రోగ్రామర్ జీతం రాదు, అబద్ధం చెప్పను. కానీ మరీ అన్నయ్యగారు భయపడుతున్నంత లేదు. 2018లో పిల్లల సంక్షేమం చూసే ఒరాంగ తమరికి శాఖలో సోషల్ వర్కర్లకి పే ఈక్విటీ ఒప్పందం కుదిరింది, సగటున 30 శాతం పైగా పెరిగింది. ఇన్నాళ్ళూ ఆడవాళ్ళు చేసే పని కదా అని తక్కువ కట్టారని యూనియన్ వాదించి గెలిచింది. ప్రభుత్వానిదైన ఆ శాఖలో ఒక లెక్క, స్వచ్ఛంద సంస్థల్లో ఒక లెక్క ఉంటుంది, చేరేముందు అడగాలి. పని దొరకదన్న బెంగ మాత్రం అక్కర్లేదు. ఆస్పత్రులూ, స్కూళ్ళూ, వృద్ధుల సంస్థలూ, మానసిక ఆరోగ్య విభాగాలూ, ఎక్కడ చూసినా ఈ మనుషులు కావాలి.

ఆడపిల్లకి రాజకీయాల చదువెందుకు, సేవెందుకు అని కూడా అన్నారా? మరి మీరు గోదావరి జిల్లావాళ్ళయ్యుండి దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు ఎత్తలేదా? 1909లో రాజమండ్రిలో పుట్టింది. 1923 కాకినాడ కాంగ్రెసు సభల్లో టికెట్ లేదని నెహ్రూనే ఖాదీ ప్రదర్శన గుమ్మంలో ఆపేసిన పిల్ల. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చదివింది, మద్రాసులో లా చదివింది, ఆంధ్ర మహిళా సభ పెట్టింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలు. అదే ఏడు చైనా వెళ్ళి అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసొచ్చి, మన దేశానికీ అలాంటివి విడిగా కావాలని పట్టుబట్టింది. ఆ చట్టం రావడానికి 1984 దాకా పట్టిందనుకోండి. సంక్షేమం ఒక గదిలో, దేశాల సంగతులు ఒక గదిలో ఉంటాయని ఆవిడ అనుకోలేదు. మీ అమ్మాయి సోమవారం ఒకటి, గురువారం ఒకటి అంటోందంటే దానికి స్థిరత్వం లేదని ఎందుకనుకోవాలి? రెండూ ఆవిడలాగే ఒకటిగా కనిపిస్తున్నాయేమో.

ఇక రెండోది, మావాడు చదివింది. దీంట్లో తేడా ఉంది, అది ముందే తెలుసుకోవాలి. సోషల్ వర్క్ డిగ్రీ ఇడ్లీ పాత్ర, పిండి పోస్తే ఇడ్లీయే వస్తుంది. గ్లోబల్ స్టడీస్ పెనం. దోసె వేస్తావో, ఊతప్పం వేస్తావో, ఏమీ వెయ్యకుండా పొయ్యి మీద మాడబెడతావో నీ చేతిలో ఉంది. ఇంటర్నేషనల్ రిలేషన్స్ చదివినవాళ్ళకి బోర్డూ లేదు, సర్టిఫికెట్టూ లేదు, ఆ పేరుకి కాపలా కాసే చట్టమూ లేదు. ఎవరైనా టీవీలో కూర్చుని నేను విదేశాంగ నిపుణుణ్ణి అనొచ్చు, అంటున్నారు కూడా.

చదువు మాత్రం గట్టిదే. ఆక్లండ్ యూనివర్సిటీ 2019లో ఈ గ్లోబల్ స్టడీస్ డిగ్రీ మొదలుపెట్టింది, మూడేళ్ళు. ఒక మేజర్ తీసుకోవాలి: ప్రపంచ రాజకీయాలూ మానవ హక్కులూ ఒకటి, పర్యావరణం ఒకటి, వ్యాపారంతో కలిపింది ఒకటి, ఇలా. దానికి తోడు ఒక భాష, ఆ భాష మాట్లాడే ప్రాంతం గురించిన చదువు. మావాడు జపనీస్ తీసుకున్నాడు. మొదటి ఏడు వాడు ఆ మూడు రకాల లిపులతో కుస్తీ పడుతుంటే, మన ఒత్తులు గుణింతాలు నేర్చుకోమంటే ఏడ్చినవాడివి, ఇప్పుడు అనుభవించు అన్నాను. ఇప్పుడు పండ్లు ఎగుమతి చేసేచోట జపాన్ కొనుగోలుదార్లతో మాట్లాడేది వాడే. డిగ్రీ కాగితం చూసి కాదు, ఆ భాష చూసి తీసుకున్నారు. ఐక్యరాజ్య సమితి ఉద్యోగమంటే మన పిల్లలకి మోజు. అక్కడ అధికార భాషలు ఆరే: అరబిక్, చైనీస్, ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, స్పానిష్. తెలుగూ లేదు, హిందీ కూడా లేదు. ఇంగ్లీషుకి తోడు వాటిలో ఇంకోటి రాకుండా అటువైపు చూడటం వృథా. పైగా అక్కడ సెక్రటేరియట్‌లో ఇంటర్న్‌షిప్పులకి జీతం ఇవ్వరు, సమితి ఆఫీసులున్న నగరాల్లో అద్దెలు మనమే కట్టుకోవాలి.

ఏం పని ఉంటుందంటారా? మన ఎంపీ లక్సన్‌నే చూడండి. 2020 నుంచి బోటనీకి ఎంపీ, 2023లో ప్రధాని అయ్యాడు. ఆయన చదివింది కామర్సు, అన్నయ్యగారు ఆ మాట పట్టుకుంటారేమో! కానీ 2025 మార్చిలో ఆయన ఢిల్లీ వెళ్ళినప్పుడు, 2015లో ఆగిపోయిన వాణిజ్య ఒప్పందం చర్చలు మళ్ళీ మొదలయ్యాయి, ఆ డిసెంబరులో ముగిశాయని ప్రకటించారు. ఏ పండు మీద ఎంత సుంకం, పాల సంగతేమిటి, వీసాలెన్ని, ఇదంతా ప్రధాని ఒక్కడూ కూర్చుని రాస్తాడా? విదేశాంగ శాఖలో, ప్రైమరీ ఇండస్ట్రీస్‌లో, కస్టమ్స్‌లో, ఎగుమతి సంఘాల్లో కూర్చుని ఒక్కో వాక్యం రాసేవాళ్ళు వందలమంది. భారతదేశం గురించి తెలిసి, ఈ దేశం గురించీ తెలిసి, చక్కగా రెండు పేజీల్లో రాయగలిగిన పిల్లలకి అక్కడ పని ఉంటుంది. హెలెన్ క్లార్క్ ఏం చదివింది? ఈ ఆక్లండ్ యూనివర్సిటీలోనే రాజకీయాలు చదివి, అక్కడే పాఠాలు చెప్పి, తొమ్మిదేళ్ళు ప్రధానిగా చేసి, 2009 నుంచి 2017 దాకా ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమాన్ని నడిపింది.

అయితే రెండు చిక్కులు, ఇవి యూనివర్సిటీ ఓపెన్ డేలో ఎవరూ గట్టిగా చెప్పరు. ఒకటి అప్పు. ఇక్కడ ఉన్నంతకాలం స్టూడెంట్ లోన్‌కి వడ్డీ లేదు. కానీ దేశం వదిలి ఆరునెలలు దాటితే వడ్డీ మొదలు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి, దరఖాస్తు పెట్టుకోవాలి. విదేశాలకి వెళ్ళడం కోసమే చదివే చదువుకి, వెళ్ళగానే వడ్డీ పడుతుందన్నమాట! రెండోది పాస్‌పోర్టు. విదేశాంగ శాఖలో దౌత్య ఉద్యోగాలకి న్యూజిలాండ్ పౌరసత్వం అడుగుతారు, సెక్యూరిటీ క్లియరెన్స్ ఉంటుంది. మీకు రెసిడెన్సీ వచ్చి ఐదేళ్ళు కావస్తోందా? అమ్మాయి మనసు అటువైపు గట్టిగా ఉంటే ఈ నల్ల పాస్‌పోర్టు గురించి ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కదా, నీలం పాస్‌పోర్టు వదిలేసి ఓసీఐ తీసుకోవాల్సి వస్తుంది. అది అన్నయ్యగారికి కంప్యూటర్ సైన్స్ కంటే పెద్ద బాధ.

డబ్బు విషయంలో మీకో మేలుంది. రెసిడెంట్లు కాబట్టి దేశీయ విద్యార్థి ఫీజే. స్టూడెంట్ వీసా మీద వచ్చిన పిల్లల ఫీజు వింటే గుండె ఆగుతుంది. స్టూడెంట్ లోన్‌కి రెసిడెంట్లు ఇక్కడ మూడేళ్ళు ఉండి ఉండాలి, అదీ మీకు సరిపోతుంది. 2018లో మొదటి ఏడు ఫీజు ఉచితం అన్నారు, 2025 నుంచి దాన్ని చివరి ఏడాదికి మార్చారు. ఇలాంటివి ప్రభుత్వం మారితే మారుతుంటాయి, స్టడీలింక్ వెబ్‌సైట్లో ఎప్పటికప్పుడు చూసుకోవాలి. అలవెన్స్ అని ఇంకోటి ఇస్తారు కానీ, 24 ఏళ్ళలోపు పిల్లలకి తల్లిదండ్రుల ఆదాయం చూస్తారు. మీ ఇద్దరి జీతాలకి అది వస్తుందని ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు నా మాట అడిగారు కాబట్టి చెప్తున్నాను. దేశాల చదువు చదివితే ఒంటరిగా చదవనివ్వకండి. దానికి తోడు ఒక గట్టి పని ఉండాలి. ఆక్లండ్‌లో గ్లోబల్ స్టడీస్‌ని లాతోనో కామర్స్‌తోనో కలిపి కాన్‌జాయింట్‌గా చదవచ్చు. అదీ కాకపోతే భాష అయినా నోటికి వచ్చేలా నేర్వాలి, లేదా స్టాటిస్టిక్స్ పేపర్లు నాలుగు తీసుకోవాలి. అన్నయ్యగారి కోడింగ్ కూడా అక్కడ పనికొస్తుంది, ఆయన్ని సంతోషపెట్టినట్టూ ఉంటుంది.

సోషల్ వర్క్ అయితే తోడు అక్కర్లేదు, కానీ పిల్ల గుండె చూడాలి. పదిహేడేళ్ళకే ఆ ఇళ్ళూ ఆ కన్నీళ్ళూ మొయ్యగలదా? మొయ్యగలిగిన పిల్లలూ ఉంటారు, మా ఆడపడుచు కూతురు మోసింది. ఇంకొంచెం పెద్దయ్యాక అయితే నయం అనిపించే పిల్లలూ ఉంటారు. వాళ్ళకి ఒక దారుంది వదినా, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ముందు మూడేళ్ళ డిగ్రీ ఏదైనా చేసి, తర్వాత రెండేళ్ళ ప్రొఫెషనల్ మాస్టర్స్ చేసి సోషల్ వర్కర్‌గా నమోదు కావచ్చు. ఆక్లండ్‌లో ఉంది, మాస్సీలో అప్లైడ్ సోషల్ వర్క్ పేరుతో ఉంది. నాలుగేళ్ళ బదులు ఐదేళ్ళు, ఒక్క ఏడు ఎక్కువ. మొదటి డిగ్రీ అయ్యేసరికి పిల్లకి ఇరవయ్యేళ్ళు వచ్చేస్తాయి, లోకం కాస్త తెలుస్తుంది. సోషల్ వర్క్ నుంచి దేశాల చదువుకి మారడం మాత్రం ఇంత సులువు కాదు. కాబట్టి నిజంగా ఎటూ తేల్చుకోలేకపోతే దేశాల చదువు ముందు, సోషల్ వర్క్ తర్వాత.

ప్రియాంకా రాధాకృష్ణన్‌ని చూశారుగా. చెన్నైలో పుట్టి సింగపూర్‌లో పెరిగి, వెల్లింగ్టన్ వచ్చి విక్టోరియా యూనివర్సిటీలో డెవలప్‌మెంట్ స్టడీస్‌లో మాస్టర్స్ చేసింది. అది దేశాల చదువే. తర్వాత ఆక్లండ్‌లో కుటుంబ హింస బాధితులైన ఆడవాళ్ళ కోసం ఏళ్ళతరబడి పనిచేసింది. 2017లో ఎంపీ, 2020లో మంత్రి. భారత సంతతిలో ఇక్కడ మంత్రి అయిన మొదటి మనిషి. ఆవిడ వీధి చివర ఆశ్రయ గృహంలో పనిచేస్తూ ప్రపంచాన్ని వదిలెయ్యలేదు, ప్రపంచం చదివి వీధిని మర్చిపోలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మనవాళ్ళు. రెండూ ఒకే మనిషి గెలిచిన సందర్భాలు లేకపోలేదు.

ఓపెన్ డేకి వెళ్ళేటప్పుడు అన్నయ్యగారిని కూడా లాక్కెళ్ళండి, 70 నంబరు బస్సెక్కితే సిటీలో దిగుతారు, పార్కింగ్ కోసం ఆయన విసుక్కోనక్కర్లేదు. అక్కడ బ్యాగులూ పెన్నులూ పంచే టేబుళ్ళ దగ్గర ఆగకుండా, మూడు ప్రశ్నలు అడగమనండి. ఈ డిగ్రీ బోర్డు గుర్తింపు జాబితాలో ఉందా? ప్లేస్‌మెంట్లు ఎవరు వెతికిపెడతారు, ఎక్కడ పడతాయి? పోయినేడు బయటికొచ్చిన పిల్లలు ఇప్పుడేం చేస్తున్నారు? మూడోదానికి జవాబు తడబడుతూ చెప్తే ఆ తడబాటే జవాబు.

అంతకంటే ముందు, అమ్మాయిని ఈ వారం నుంచే ఎక్కడైనా వాలంటీరుగా వెళ్ళమనండి. హోవిక్‌లో వృద్ధుల దగ్గరకో, కొత్తగా వచ్చినవాళ్ళకి ఇంగ్లీషు నేర్పేచోటికో. మూడు వారాలయ్యాక ఇంటికొచ్చి ఆ మనుషుల గురించి మాట్లాడుతోందా, లేక ఆ మనుషులు అక్కడిదాకా ఎందుకొచ్చారు, ఏ దేశంలో ఏమైంది అని మాట్లాడుతోందా, మీరు వంటింట్లోంచే వినండి. మొదటిదైతే సోషల్ వర్క్, రెండోదైతే దేశాల చదువు. ఏమీ మాట్లాడకుండా ఫోన్ చూసుకుంటోందంటే, అప్పుడు అన్నయ్యగారి కంప్యూటర్ సైన్స్ గురించి ఆలోచిద్దాం. ఆక్లండ్ యూనివర్సిటీలో దరఖాస్తుల గడువు డిసెంబరు మొదట్లో. అప్పటిదాకా ఇంట్లో ఎంత అరుచుకున్నా ఫర్వాలేదు, నాకూ కాలక్షేపమే. గడువు దాటాక మాత్రం ఎవరు గెలిచినా లాభం లేదు.